శిక్షణ గ్లైడర్ పాతబడితే కొత్తదానికి డబ్బు ఎక్కడిది? క్లబ్బుల లెక్క ఇదీ

క్లుప్తంగా: గ్లైడింగ్ క్లబ్బుల్లో పాఠాలు చెప్పే రెండు సీట్ల గ్లైడర్లు (ఇంజిన్ లేకుండా ఎగిరే విమానాలు) ఎగరాల్సిన గంటలు పూర్తయి మూలపడటం తక్కువ. పైపూత పగలడం, విడిభాగాలు దొరకకపోవడం, ఒక్క భద్రతా ఆదేశం రావడం, ఎక్కువగా వీటివల్లే ఆగిపోతాయి. కొత్తది కొనే ఏడాది వచ్చాక డబ్బు వెతుక్కుంటే దొరకదు. ప్రతి లాంచ్ (గ్లైడర్‌ను ఒకసారి గాల్లోకి ఎగరేయడం) ధరలోంచీ ఎంతో కొంత ముందు నుంచే పక్కన పెట్టాలి, అప్పునూ గ్రాంటునూ దాని మీద నిలబెట్టాలి. ఎక్కువగా బ్రిటన్ క్లబ్బుల పద్ధతులను తీసుకుని ఈ లెక్కను విడమర్చే ప్రయత్నం ఇది.

ఒక్క రెక్క విరిగితే

2010 జూన్ 12న ఆస్ట్రియాలో ఒక ఎల్-13 బ్లానిక్ గ్లైడర్ రెక్క గాల్లో ఉండగానే విరిగిపోయింది, అందులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. రెక్క లోపల వెన్నెముకలా ఉండే స్పార్ లోహం ఏళ్ల తరబడి వంగి, లేచి, అలసిపోయి తెగిందని దర్యాప్తులో తేలింది. యూరప్ విమాన భద్రతా సంస్థ మొదట తనిఖీలు చేయమంది, తర్వాత కొద్ది నెలల్లోనే ఆ రకం గ్లైడర్లు అసలు ఎగరకూడదని ఆదేశించింది.

బ్లానిక్ అంటే ఏదో అరుదైన గ్లైడర్ కాదు. చెకోస్లొవేకియాలోని కునోవిట్సేలో తయారై, 1956లో తొలిసారి ఎగిరి, ఆ తర్వాత 2,600కు పైగా తయారైన గ్లైడర్ అది. పూర్తిగా లోహంతో చేసింది, ధర తక్కువ, మోటుగా వాడినా తట్టుకుంటుంది. అందుకే ప్రపంచంలో ఎన్నో క్లబ్బులకు అదే పాడి గేదె: విద్యార్థులు దానిమీదే నేర్చుకునేవాళ్లు, దానిమీద వచ్చిన లాంచ్ డబ్బులతోనే క్లబ్బు నడిచేది. ఆదేశం వచ్చిన రోజు నుంచి అది హ్యాంగర్‌లో వస్తువు. అమ్ముదామంటే కొనేవాడు లేడు, ఎగరేద్దామంటే అనుమతి లేదు. రెక్కల్ని బలపరిచే మార్పులకు ఆ తర్వాత ఆమోదం దొరికింది గానీ, ఆ ఖర్చు గ్లైడర్ విలువతో పోలిస్తే చాలా ఎక్కువ కావడంతో చాలా క్లబ్బులు అటు వెళ్లలేదు.

అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీ కూడా అప్పటిదాకా బ్లానిక్‌లతోనే శిక్షణ ఇచ్చేది. ప్రభుత్వం డబ్బుతో జర్మన్ డీజీ కంపెనీ గ్లైడర్లు తెప్పించుకుని రెండేళ్లలో సర్దుకుంది. ఎనభై మంది సభ్యులున్న పల్లెటూరి క్లబ్బుకు అలాంటి ఖజానా లేదు. ఈ తేడాలోనే అసలు ప్రశ్న ఉంది: శిక్షణ గ్లైడర్ ఏదో ఒకరోజు పోతుందని అందరికీ తెలుసు, మరి ఆ రోజుకు సిద్ధపడటం ఎలా?

గ్లైడర్ ఎలా ముసలిదవుతుంది

బయటివాళ్లకు సహజంగా వచ్చే ఊహ ఏమిటంటే, కారుకు కిలోమీటర్లలా గ్లైడర్‌కు గంటలుంటాయి, అవి అయిపోతే మార్చాలి అని. కాగితం మీద అది నిజమే, జర్మన్ ఫైబర్‌గ్లాస్ గ్లైడర్లకు 3,000 గంటల దగ్గర పెద్ద తనిఖీ ఉంటుంది, ఆ తర్వాత ఇంకొన్ని. కానీ వించ్‌తో, అంటే నేలమీద ఉండి కేబుల్ చుట్టే ఇంజిన్‌తో, లాగి ఎగరేసే క్లబ్బులో లెక్క వేసి చూడండి. కేబుల్ బిగిసి, గ్లైడర్ నిటారుగా లేచి, 300-400 మీటర్ల ఎత్తులో కేబుల్ వదిలేసి, మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగి దిగిపోతుంది. మొత్తం ఆరేడు నిమిషాలు. వేడిగాలి దొరికిన రోజులు కూడా కలుపుకుని సగటున 8 నిమిషాలు అనుకున్నా, ఏడాదికి 1,500 లాంచ్‌లు చేసే గ్లైడర్ ఎగిరేది 200 గంటలే. 3,000 గంటలు నిండాలంటే పదిహేనేళ్లు పడుతుంది, అది కూడా తనిఖీయే తప్ప రిటైర్మెంట్ కాదు.

గంటలు మిగిలే ఉంటాయి, దెబ్బలు మాత్రం పేరుకుపోతాయి. 1,500 లాంచ్‌లంటే 1,500 ల్యాండింగులు, వాటిలో చాలామటుకు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు చేసేవి. చక్రం దగ్గరి బిగింపులు వదులవుతాయి, తోకచక్రం అరుగుతుంది, కాక్‌పిట్ గాజుమూతకు గీతలు పడతాయి, సీటు పక్కన అందరి బూట్లూ తగిలే చోట ఫైబర్ పెచ్చులూడుతుంది.

వీటన్నిటికన్నా డబ్బు తినేది జెల్‌కోట్, అంటే ఫైబర్‌గ్లాస్ మీద ఉండే తెల్లటి పైపూత. ఎండలోని అతినీలలోహిత కిరణాలకూ, వేడికీ చలికీ అది పెళుసుబారుతుంది. వాన పడ్డాక హ్యాంగర్‌లోకి తోసి రెక్కను గుడ్డతో తుడుస్తుంటే, తడి ఆరేకొద్దీ సన్నటి గీతలు బయటపడతాయి, ఎండిన చెరువు అడుగులా. వాటిమీద గోరు నడిపితే కొన్ని తగలవు, కొన్ని చిన్నగా అడ్డుపడతాయి. ఆ అడ్డుపడేవాటితోనే భయం, ఎందుకంటే వాటిలోంచి తేమ, ఎండ కింది పొరల్లోకి దిగుతాయి. అప్పుడు మొత్తం పూత గీకేసి, కొత్తది వేసి, ఇసుక కాగితంతో రుద్దాలి. వందల గంటల చేతిపని అది. బ్రిటన్, జర్మనీ కూలి రేట్లకు అది పాత గ్లైడర్ విలువలో పెద్ద ముక్కను మింగేస్తుంది కాబట్టే కొందరు పోలండ్‌కో చెక్ దేశానికో పంపి చేయిస్తారు.

ఇక చెక్క, గుడ్డ గ్లైడర్లది వేరే కథ. 1966లో వచ్చిన ఏఎస్‌కే 13 ఇప్పటికీ చాలా క్లబ్బుల్లో పాఠాలు చెబుతోంది. ఉక్కు గొట్టాల బాడీకి గుడ్డ చుట్టి, చెక్క రెక్కలు తగిలించిన గ్లైడర్. దీన్ని బాగుచేయడం ఫైబర్ కన్నా చవక, కానీ తేమ తగిలితే చెక్క జిగురు అతుకుల మీద అనుమానం మొదలవుతుంది, ఆ పని తెలిసిన చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. గ్లైడర్ బాగానే ఉండొచ్చు. బాగుచేసేవాడు లేకపోతే అదీ ఆగిపోయినట్టే.

కంపెనీ పోతే, కాగితాలు పోతే

గ్లైడర్ ఎగరాలంటే రెక్కలతోపాటు దాని వెనక ఒక బాధ్యుడు ఉండాలి: విడిభాగాలు ఇచ్చే, పగులు కనిపిస్తే ఏం చేయాలో రాసిచ్చే సంస్థ. గ్రోబ్ కంపెనీ 1990ల్లో గ్లైడర్ల తయారీ ఆపేసింది. దాని ట్విన్ ఆస్టిర్ రకం గ్లైడర్లు ఇంకా ఎగురుతున్నాయంటే, జర్మనీలోని మరో చిన్న సంస్థ ఆ బాధ్యతను ఎత్తుకోవడం వల్లే. కొన్ని తయారీ సంస్థలు పాత గ్లైడర్ల సాంకేతిక మద్దతు కోసం యజమానుల దగ్గర ఏటా కొంత రుసుము కూడా తీసుకుంటున్నాయి. చవగ్గా దొరికిందని పాత రకాన్ని కొనే క్లబ్బు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, దీనికి ఇవాళ బాధ్యత ఎవరిది అని.

మన దేశానికి ఇది బాగా తెలిసిన పాఠమే. పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం 1950ల నుంచి సొంతంగా గ్లైడర్లు రూపొందించింది, వాటికి నక్షత్రాల పేర్లు పెట్టింది: అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. రోహిణి 1961లో తొలిసారి ఎగిరింది, ఇద్దరూ పక్కపక్కన కూర్చునే చెక్క గ్లైడర్. ఆర్ద్రను హెచ్‌ఏఎల్ ఎన్‌సీసీ కోసం తయారుచేసింది. పంచాంగంలో వరస ఆర్ద్రతో ఆగదు, గ్లైడర్ల వరస మాత్రం దాదాపు అక్కడే ఆగిపోయింది. తయారీ ఆగిన రకానికి రెక్క అతుకో చక్రమో కావాలంటే ఎవరిని అడగాలన్నది అక్కడి నుంచే మొదలైన సమస్య. పుణె దగ్గర హడప్సర్‌లోని గ్లైడింగ్ కేంద్రం లాంటివి మన దగ్గర వేళ్లమీద లెక్కపెట్టేన్ని. అందుకే కొనుగోలు ప్రణాళిక గురించి నేర్చుకోవాలంటే క్లబ్బులు ఎక్కువగా ఉన్న బ్రిటన్, జర్మనీ వైపే చూడాల్సి వస్తుంది.

కాగితాల సంగతి ఇంకా సూక్ష్మమైనది. బ్లానిక్ విషయంలో అధికారులకు కావలసిన సమాచారం ఎన్ని గంటలు ఎగిరిందన్నది ఒక్కటే కాదు, ఎలా ఎగిరిందన్నది: ఎన్నిసార్లు వించ్, ఎన్నిసార్లు విమానంతో లాగడం, ఎంతసేపు ఇద్దరితో, ఎంత విన్యాసాలకు. లాగ్‌బుక్కులో "6 నిమిషాలు" అని మాత్రమే రాసుకున్నవాళ్ల దగ్గర దానికి జవాబు లేదు. బ్రిటన్‌లో 2014 ఏప్రిల్‌లో ఎయిర్ క్యాడెట్ల (వాయుసేన అండతో నడిచే కుర్రకారు దళం) గ్లైడర్లన్నిటినీ రక్షణ శాఖ నిలిపేసింది. అక్కడా గోల నిర్వహణ, రికార్డుల చుట్టూనే తిరిగింది. మళ్లీ ఎగరడానికి ఏళ్లు పట్టింది, 2016లో ప్రకటించిన పునర్వ్యవస్థీకరణతో చాలా స్క్వాడ్రన్లు గ్లైడింగ్ మానేశాయి. లాగ్ సరిగా రాసుకోవడానికి పైసా ఖర్చు కాదు, కానీ పాత గ్లైడర్‌ను అమ్మేరోజున దాని విలువను నిలబెట్టేది అదే.

ఏ గ్లైడర్ కొనాలి

కొత్తది కొనగలిగితే చాలా క్లబ్బుల చూపు ఏఎస్‌కే 21 మీదే ఉంటుంది. జర్మనీలో వాసర్‌కుప్పె కొండ కింద ఉన్న పాపెన్‌హౌసెన్‌లో ష్లైషర్ కంపెనీ చేసే గ్లైడర్, రూపకర్త రుడాల్ఫ్ కైజర్, పేరులోని 'కె' ఆయనదే. 1979లో తొలిసారి ఎగిరింది, ఇప్పటికీ తయారవుతోంది. 17 మీటర్ల రెక్కలు, కిలోమీటరు ఎత్తు నుంచి దాదాపు 34 కిలోమీటర్లు సాగుతుంది, విద్యార్థి తప్పు చేసినా క్షమిస్తుంది. పాతదైనా ధర పడిపోదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకున్న క్లబ్బుకు అక్కడ పెద్ద లాభమేమీ కనిపించదు.

ఆ క్షమించే గుణంలోనే ఒక చిక్కుంది. ఏఎస్‌కే 21 అంత తేలిగ్గా స్పిన్‌లోకి (పట్టు తప్పి గింగిరాలు తిరుగుతూ కిందికి పడటం) వెళ్లదు, వెళ్లాలంటే తోకకు బరువులు కట్టాలి. స్పిన్ నుంచి బయటపడటం నేర్పకుండా విద్యార్థిని ఒంటరిగా పంపడం కుదరదు కాబట్టి, చాలా బ్రిటన్ క్లబ్బులు స్పిన్ పాఠాల కోసం పోలిష్ పుహాచ్‌ను గానీ పాత ఏఎస్‌కే 13ను గానీ పక్కన ఉంచుకుంటాయి. పోలండ్‌లోనే తయారయ్యే పెర్కోజ్‌ను కొందరు ఈ రెండు పనులకూ చూస్తున్నారు. ఇంకో మాట, ఏఎస్‌కే 21 ముందు సీట్లో కనీసం 70 కిలోలుండాలి, తక్కువైతే సీసపు దిమ్మెలు పెట్టాలి. పదిహేనేళ్ల పిల్లల్ని చేర్చుకోవాలనుకునే క్లబ్బుకు ఇది రోజూ ఎదురయ్యే పని.

రకాలు పెరిగేకొద్దీ ఇన్‌స్ట్రక్టర్లకు అలవాటు, విడిభాగాలు, తనిఖీ పుస్తకాలు అన్నీ రెట్టింపవుతాయి. ఒకే రకం రెండు, స్పిన్‌కు ఒకటి, ఈ కూర్పు చాలా క్లబ్బులకు సరిపోతుంది. ఒక్కటే ఉంటే మాత్రం, అది దెబ్బతిన్న వారం శిక్షణ పూర్తిగా బంద్. వచ్చి వెనక్కి వెళ్లిన విద్యార్థుల్లో కొందరు మళ్లీ రారు.

లాంచ్‌కు నాలుగు పౌండ్ల లెక్క

ఇప్పుడు అసలు డబ్బు సంగతి. కింది అంకెలు లెక్క అర్థం కావడం కోసం అనుకున్నవి, ఏ ఒక్క క్లబ్బువీ కావు. గ్లైడర్, ట్రైలర్, పరికరాలు, రేడియో, పన్ను అన్నీ కలిపి కొత్తది 1,00,000 పౌండ్లు అనుకుందాం. క్లబ్బులో రెండు శిక్షణ గ్లైడర్లు, కలిపి ఏడాదికి 3,000 లాంచ్‌లు. పదేళ్లలో ఒకటి మార్చాలి, పాతది 30,000కు అమ్ముడుపోతుంది.

పైపై లెక్కలో లోటు 70,000, అంటే ఏడాదికి 7,000, లాంచ్‌కు 2 పౌండ్ల 33 పెన్నీలు. చాలా కమిటీలు ఇక్కడే ఆగిపోతాయి, తప్పు కూడా ఇక్కడే. ధర ఏటా 4 శాతం పెరిగితే పదేళ్ల తర్వాత అదే గ్లైడర్ 1,48,000. పాతదాని 30,000 తీసేస్తే 1,18,000, ఏడాదికి 11,800, లాంచ్‌కు దాదాపు 4 పౌండ్లు. బ్యాంకు వడ్డీ కొంత తోడవుతుంది, పాతదాని అమ్మకం ధర కూడా పెరగొచ్చు, కానీ వాటిని నమ్ముకుని లెక్కను తగ్గించుకోవడం కన్నా అవి వస్తే అదనమనుకోవడం మేలు. ఎందుకంటే వానలు ఎక్కువైన వేసవిలో లాంచ్‌లు 2,400కు పడిపోతే ఆ ఏడాది నిధికి వచ్చేది 9,600 మాత్రమే, 2,200 తక్కువ. బ్రిటన్‌లో అలాంటి వేసవులు అరుదు కాదు.

లాంచ్ ధరలో ఈ తరుగుదల డబ్బు లేకుండా, కేబుల్, డీజిల్, ఇన్సూరెన్సు ఖర్చులు మాత్రమే రాబట్టే క్లబ్బు చూడ్డానికి చవకగా కనిపిస్తుంది. నిజానికి అది తన గ్లైడర్‌నే కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకుంటోంది, ఆ బిల్లు పదేళ్ల తర్వాత చేరబోయే సభ్యుల పేరుమీద రాస్తోంది.

మరి ఆ 4 పౌండ్లు ఎవరు కట్టాలి? మొదటి సోలోకు ముందు ఒక విద్యార్థి 60 లాంచ్‌లు తీసుకుంటే అదనంగా 240 పౌండ్లు. ఇప్పుడే ఉద్యోగంలో చేరినవాడికీ, చదువుకునే పిల్లకూ అది బరువే. అందుకే భారాన్ని విడదీసే క్లబ్బులున్నాయి: 100 మంది సభ్యుల వార్షిక చందాలో 40 పౌండ్ల చొప్పున వేస్తే 4,000 అక్కడే వస్తుంది, లాంచ్ మీద పడేది 2 పౌండ్ల 60 పెన్నీలకు దిగుతుంది. సొంత సింగిల్ సీటర్ ఉన్న సీనియర్ సభ్యుడు శిక్షణ గ్లైడర్ ఎక్కడు కాబట్టి నేనెందుకు కట్టాలి అంటాడు. కానీ అతని గ్లైడర్‌ను లాగే వించ్ నడిపేది, రెక్క పట్టుకుని పరుగెత్తేది, రేపు ఇన్‌స్ట్రక్టర్ అయ్యేది, క్లబ్బు మైదానం అద్దెలో వాటా కట్టేది ఆ విద్యార్థులే. ఈ కోణంలో చూస్తే చందాలో వాటా వేయడమే న్యాయంగా కనిపిస్తుంది.

పన్ను దగ్గర ఒక మెలిక ఉంది. బ్రిటన్‌లో లాభాపేక్ష లేని క్లబ్బు తన సభ్యులకిచ్చే క్రీడా సేవల మీద వ్యాట్ ఉండదు. వినడానికి బాగుంటుంది, కానీ అమ్మకం మీద వ్యాట్ లేని చోట కొనుగోలు మీద కట్టిన వ్యాట్ వెనక్కి రాదు. కొత్త గ్లైడర్ మీద 20 శాతం క్లబ్బే భరించాలి. అమ్మేవాడి కొటేషన్‌లో పన్ను కలపని ధర చూసి బడ్జెట్ వేసుకున్న కమిటీకి ఆఖర్లో టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

కరెన్సీ మరో గండం. గ్లైడర్ ధర యూరోల్లో, పొదుపు పౌండ్లలో. 2016 జూన్ బ్రెగ్జిట్ రెఫరెండానికి ముందు ఒక పౌండుకు దాదాపు 1.30 యూరోలు వచ్చేవి, తర్వాతి నెలల్లో 1.15 దగ్గరకు పడింది. 80,000 పౌండ్లు దాచుకున్న క్లబ్బు చేతిలో 1,04,000 యూరోలుండాల్సింది 92,000 అయింది. ఒక ట్రైలర్ ఖర్చు అక్కడే ఎగిరిపోయింది. ఆర్డర్ ఇచ్చిన తర్వాత గ్లైడర్ చేతికి రావడానికి ఏడాదికి మించి పట్టొచ్చు కాబట్టి, అడ్వాన్స్ కట్టిన రోజునే మిగతా మొత్తంలో కొంత యూరోల్లోకి మార్చి పెట్టుకోవడం లాభం కోసం కాదు, నిద్ర పట్టడం కోసం.

అప్పు తప్పా?

అప్పు చేసి పప్పుకూడు తినొద్దంటారు పెద్దవాళ్లు. కానీ సంపాదించి పెట్టే వస్తువు కోసం చేసే అప్పును అదే గాటన కట్టలేం. పై ఉదాహరణలోనే, సగం డబ్బు చేతిలో ఉండి మిగతా 50,000ను 5 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే ఏడాదికి కట్టేది దాదాపు 6,475, మొత్తం వడ్డీ 14,750. అదే క్లబ్బు అప్పు వద్దని ఐదేళ్లు ఆగితే, 4 శాతం చొప్పున గ్లైడర్ ధరే 21,700 పెరుగుతుంది, ఈలోగా పాతదాని మరమ్మతులు అదనం. అలాగని అప్పే మేలని కాదు: వాన పడినా పడకపోయినా, విద్యార్థులు వచ్చినా రాకపోయినా వాయిదా ఆగదు. నిధి సగం చేరాక తీసుకునే అప్పుకూ, నిధి ఖాళీగా ఉండగా తీసుకునే అప్పుకూ చాలా తేడా.

అప్పు బ్యాంకు నుంచే రానక్కర్లేదు. 1952 ప్రపంచ విజేత ఫిలిప్ విల్స్ పేరిట ఉన్న స్మారక నిధి బ్రిటన్ క్లబ్బులకు రుణాలిస్తుంది, ముఖ్యంగా మైదానాల కొనుగోలు లాంటి పెద్ద ఖర్చులకు. చాలాచోట్ల సభ్యులే క్లబ్బుకు అప్పిస్తారు, వడ్డీ లేకుండానో నామమాత్రపు వడ్డీకో. మన చీటీల్లాగే ఇది నమ్మకం మీద నడిచేది కాబట్టి ఎప్పుడు తిరిగిస్తారో, సభ్యుడు క్లబ్బు వదిలి వెళ్తే ఏమవుతుందో కాగితం మీద ఉండాలి. ముందుగా డబ్బు కట్టిన సభ్యుడికి తర్వాత తగ్గింపు ధరకు ఎగిరే అవకాశం ఇవ్వడం ఇంకో దారి, తేలిగ్గా డబ్బు వస్తుంది కానీ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే అది వచ్చే రెండేళ్ల ఆదాయాన్ని ఇవాళే తినేయడం. కొత్త గ్లైడర్ వచ్చిన ఏడాదే చేతిలో డబ్బాడని పరిస్థితి ఎదురవుతుంది.

గ్రాంట్లు, విరాళాలు, ట్రయల్ ఫ్లైట్లు

2002 నుంచి బ్రిటన్‌లో క్లబ్బులు సామాజిక ఔత్సాహిక క్రీడా క్లబ్బుగా పన్నుల శాఖ దగ్గర నమోదు కావచ్చు. అలా నమోదైతే స్థానిక వ్యాపార పన్నులో 80 శాతం మినహాయింపు, దానితోపాటు విరాళాల మీద గిఫ్ట్ ఎయిడ్: పన్ను కట్టే సభ్యుడు 100 పౌండ్లు ఇస్తే ప్రభుత్వం ఇంకో 25 కలుపుతుంది. చందాకు, లాంచ్ డబ్బులకు ఇది వర్తించదు, నిజంగా ఇచ్చిన విరాళానికే. కాబట్టి గ్లైడర్ కోసం విరాళాల పిలుపు చందా పెంపుతో కలగాపులగం కాకుండా విడిగా నడపాలి.

క్రీడా గ్రాంట్లు ఇచ్చేవాళ్లకు గ్లైడర్ మీద ఆసక్తి ఉండదు, మనుషుల మీద ఉంటుంది. మా గ్లైడర్ పాతదైంది అని రాసిన దరఖాస్తు కన్నా, ఈ గ్లైడర్ వస్తే ఎంతమంది అమ్మాయిలు, ఎంతమంది స్కూలు పిల్లలు, ఎంతమంది వికలాంగులు కొత్తగా ఎగరగలరో చెప్పిన దరఖాస్తు నిలబడుతుంది. స్కాట్లాండ్‌లోని పోర్ట్‌మోక్‌లో 'వాకింగ్ ఆన్ ఎయిర్' అనే స్వచ్ఛంద సంస్థ, కాళ్లతో తొక్కే రడ్డర్‌ను (తోక చుక్కానిని) చేత్తో నడిపేలా మార్చిన ఏఎస్‌కే 21ను నడుపుతోంది. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు దానిలో పైలట్ సీట్లో కూర్చుంటారు. ఇలాంటి ప్రయోజనం ముందే గ్లైడర్ ఎంపికలో ఉంటే గ్రాంటుకు దారి దొరుకుతుంది, గ్రాంటు కోసం చివర్లో అతికిస్తే దరఖాస్తు చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

బయటివాళ్లకు అమ్మే ట్రయల్ ఫ్లైట్లు వెంటనే డబ్బు తెస్తాయి. పుట్టినరోజు కానుకగా కొనేవాళ్లు ఎక్కువ. చిక్కేమిటంటే అవి నడిచేదీ శిక్షణ గ్లైడర్ మీదే, శనాదివారాల్లోనే, అదే ఇన్‌స్ట్రక్టర్లతోనే. పొద్దున్నే వచ్చి పేరు రాయించుకున్న విద్యార్థి మధ్యాహ్నం దాకా ఎదురుచూసి ఒక్క లాంచ్‌తో వెళ్తే, ఆ రోజు వచ్చిన ట్రయల్ డబ్బు కన్నా ఆ విద్యార్థి మానేస్తే పోయేదే ఎక్కువ. పైగా క్రీడా క్లబ్బు హోదా ఉంటే బయటివాళ్లతో చేసే వ్యాపారానికి ఏడాదికి లక్ష పౌండ్ల పరిమితి ఉంది. వారంలో మామూలు రోజుల్లో, వేసవి సాయంత్రాల్లో ట్రయల్స్ పెట్టుకుని శనాదివారాలు విద్యార్థులకు వదిలేసే పద్ధతి ఈ గుంజాటనను కొంత తగ్గిస్తుంది.

జర్మనీలో ఇంకో వనరు ఉంది, మనుషుల శ్రమ. అక్కడి క్లబ్బుల్లో సభ్యుడు ఏటా ఇన్ని గంటలు వర్క్‌షాపులో పనిచేయాలన్న నియమం మామూలు, చేయకపోతే డబ్బు కట్టాలి. చలికాలమంతా గ్లైడర్లను విప్పి, శుభ్రం చేసి, పాలిష్ పెడతారు. మన తెలుగు విద్యార్థులు వేలమంది చదువుకుంటున్న దేశం అది. ఆహెన్, మ్యూనిక్, స్టుట్‌గార్ట్, డార్మ్‌స్టాట్ యూనివర్సిటీల్లో విద్యార్థులే గ్లైడర్లు రూపొందించి కట్టే అకాఫ్లీగ్ బృందాలున్నాయి, అక్కడ ఎగరడానికి డబ్బుతోపాటు, కొన్నిసార్లు డబ్బుకు బదులు, చేతిపని లెక్కలోకి వస్తుంది. ఆ పని జెల్‌కోట్ జీవితాన్ని ఏళ్లకేళ్లు పొడిగిస్తుంది, అంటే కొత్తది కొనాల్సిన రోజు వెనక్కి జరుగుతుంది.

అన్నీ ఒకేసారి మార్చకూడదు

ఆర్టీసీ డిపోలో బస్సులన్నీ ఒకే ఏడాది కొని ఒకే ఏడాది తుక్కుకు పంపరు. కొన్ని పాతవి పోతుంటాయి, కొన్ని కొత్తవి వస్తుంటాయి. రెండే గ్లైడర్లున్న క్లబ్బుకైనా ఇదే సూత్రం: ఒక్కోదాన్ని ఇరవై ఏళ్లు వాడుతూ, రెండింటి మధ్య పదేళ్ల ఎడం పెడితే ఎప్పుడూ ఒకటి కొత్తగా, ఒకటి నడివయసులో ఉంటుంది. నిధి మీద ఒత్తిడి సమానంగా పడుతుంది. బ్లానిక్ లాంటి ఆదేశం వచ్చినా, రెండూ ఒకే రకం కాకపోతే, సగం శిక్షణైనా నడుస్తుంది. ఒకే రకం ఉండటం వల్ల వచ్చే సౌకర్యానికీ, వేర్వేరు రకాలవల్ల వచ్చే రక్షణకూ మధ్య ఎక్కడ నిలబడాలన్నది ప్రతి క్లబ్బూ తన పరిమాణాన్ని బట్టి తేల్చుకోవాల్సిందే. మూడో గ్లైడర్ స్పిన్ కోసం ఎలాగూ వేరే రకం అయితే ఆ ప్రశ్న సగం తీరిపోయినట్టే.

పాతదాన్ని ఎప్పుడు అమ్మాలన్నదానికీ ఒక అదను ఉంది. పెద్ద తనిఖీ దగ్గరపడుతున్న, జెల్‌కోట్ గీతలు గోరుకు తగులుతున్న గ్లైడర్‌కు బేరం పడిపోతుంది. రెండేళ్లు ముందు, కాగితాలు శుభ్రంగా ఉండగా అమ్మితే వచ్చే తేడా చిన్నది కాదు. చాలా క్లబ్బుల హ్యాంగర్ వెనక మూలలో ఏడాదికి ఇరవై సార్లు కూడా ఎగరని సింగిల్ సీటర్ ఒకటి ఉంటుంది, దానికీ ఇన్సూరెన్సు, తనిఖీ, చోటు ఖర్చవుతూనే ఉంటాయి. దాన్ని అమ్మి శిక్షణ నిధిలో వేయమంటే మీటింగులో గొడవ ఖాయం. అయినా అడగాల్సిన మాటే.

ఆ నిధిని కాపాడటం కూడబెట్టడం కన్నా కష్టం. నాలుగేళ్లలో 40,000 చేరిన ఖాతాను చూసి, హ్యాంగర్ పైకప్పు కారుతోందనో, వించ్ ఇంజిన్ మార్చాలనో, ఇప్పుడు తీసుకుని తర్వాత పెడదామనో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అవి అబద్ధపు అవసరాలు కావు. అందుకే జాగ్రత్తపడే క్లబ్బులు గ్లైడర్ నిధికి విడి బ్యాంకు ఖాతా పెట్టి, అందులోంచి వేరే పనికి తీయాలంటే జనరల్ బాడీలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని నిబంధనావళిలోనే రాసుకుంటాయి, కోశాధికారి ఏటా ఖాతాలోని మొత్తంతోపాటు ఆ ఏడాది కొత్త గ్లైడర్ కొటేషన్‌ను కూడా పక్కపక్కన అచ్చువేసి సభ్యులకు ఇస్తాడు.